నా కడుపునొప్పికి రెండు నోటుబుక్కులు

జూన్ పన్నెండో తారీఖు ఉదయం ఆరున్నరకి చోడంబలి, అదే రాగి అంబలి, గిన్నె ముందు కూర్చున్నాను. నాలుగు గుటకలు తాగానో లేదో, తడిబట్ట పిండినట్టు బొడ్డు చుట్టూ మెలిపెట్టింది. గిన్నె అక్కడే వదిలేసి పెరట్లోకి పరుగెత్తాను. ఆ రోజు మొత్తం ఐదుసార్లు వెళ్ళాను. ఐదోసారి గోడ పట్టుకుని వచ్చాను.

ఐదుసార్లని రూఢిగా చెప్పగలుగుతున్నానంటే రాసుకున్నాను కాబట్టి. మాది గజపతినగరం దగ్గర పల్లె. ఆ ఊరి బ్రాంచి పోస్టాఫీసులో ముప్పై ఎనిమిదేళ్ళు పోస్టుమాస్టరుగా పనిచేశాను. రోజూ పొద్దున్నే ముద్రలో తేదీ మార్చి, తెల్లకాగితం మీద కొట్టి సరిచూసుకున్నాకే తలుపులు తీసేదాన్ని. రిటైరయ్యాక ముద్ర పోయింది, అలవాటు పోలేదు. డైరీలో రోజుకొక వరస రాస్తాను. ఎవరు వచ్చారు, వాన పడిందా, ఎవరు పోయారు, అంతే. "చాలా రోజుల్నుంచి", "ఎప్పుడూ", "ఊరికే" అని మాట్లాడేవాళ్ళంటే నాకు చులకన. ఇది చదివేవాళ్ళలో కడుపు బాధ ఉన్నవాళ్ళు చాలామందే ఉంటారు. చాలామంది అన్నాను. లెక్క నా దగ్గర లేదు, మన్నించండి.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ జబ్బు నా ప్రాణం తీసేది కాదని తర్వాత తేలింది. అది నాకు లేకుండా చెయ్యబోయింది మా పైడమ్మని. పైడమ్మ నా తోటికోడలు. నా భర్త పోయి పదకొండేళ్ళయింది. పిల్లలు లేరు. మరిది అప్పలస్వామి, పైడమ్మ, నేను ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నాం. పైడమ్మ ఈ ఇంటికి వచ్చి నలభై రెండేళ్ళు. అన్నేళ్ళూ నా కంచంలో అన్నం పెట్టింది ఆవిడే. ఆ అన్నానికి నేను చేసిన మర్యాద ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నొప్పి మొదలవడానికి ముందు రోజు, అంటే జూన్ పదకొండున, డైరీలో ఇలా ఉంది: "నర్సమ్మ వచ్చింది. ఫారం నింపింది." పెద్దవాళ్ళ ఆరోగ్యం వివరాలు రాసుకునే ఫారం అది. ఇంట్లో ఎవరికైనా కేన్సర్ వచ్చిందా అని అడిగింది. మా అమ్మకి, కడుపులో గడ్డ, అన్నాను. ఎన్నో ఏట అంది.

"అరవై ఎనిమిదేళ్ళ నాలుగు నెలలకి."

"నెలలక్కర్లేదమ్మగోరూ" అని నవ్వి అరవై ఎనిమిది వేసుకుంది.

నాకు నెలలు కావాలి. మా అమ్మ పుట్టిన తేదీ మా తాత పంచాంగం అంచున రాసిపెట్టాడు, పోయిన తేదీ నేను రాశాను. నర్సమ్మ వెళ్ళాక గోడ మీది కేలండరు దింపి, వేళ్ళు మడిచి లెక్కవేశాను. నవంబరు ఇరవైకి నాకూ సరిగ్గా అదే వయసు వస్తుంది. ఆ తేదీ పక్కన పెన్సిలుతో సన్నగా గీత గీసి కేలండరు మళ్ళీ తగిలించాను. లెక్క వేశాను, అయిపోయింది. మర్నాడు పొద్దున్న కడుపు పట్టుకుని పెరట్లోకి పరుగెత్తినప్పుడు ఆ గీత నాకు గుర్తు రాలేదు. చోళ్ళు పాతవేమో అనుకున్నాను.

మొదట మా ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళాను. ఆయన నా కడుపు మీద చెయ్యి వెయ్యలేదు, ఎందుకంటే రెండు చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

"గేసమ్మగోరూ. ఈ ఈడులో అందరికీ ఉంటాది."

"అందరికీ అంటే ఎంతమందికి?" అన్నాను.

నేను సరదాగా అన్నాననుకుని నవ్వాడు. ఇచ్చిన మాత్రలు ఇరవై ఒకటి. మింగినవి ఇరవై ఒకటి. గుణం ఎన్ని రోజులు కనిపించిందో అడుగుతాడేమోనని కాగితం మీద రాసుకు వెళ్ళాను. అడగలేదు. ఇంకో ఇరవై ఒకటి ఇచ్చాడు.

ఈలోగా వీధి వీధంతా వైద్యులయ్యారు. ఒకావిడ వాము నమలమంది. ఇంకొకావిడ వాము అసలు ముట్టొద్దంది. ఫోనులో వీడియో చూసి వచ్చినాయన పరగడుపున నిమ్మకాయ నీళ్ళు తాగితే పేగులు అద్దంలా అవుతాయన్నాడు. పేగులు అద్దంలా అయితే ఎవరు ముఖం చూసుకుంటారో ఆయనే చెప్పాలి. నేను అడగకుండా వచ్చిన సలహాలు మొదటి నెలలో పద్నాలుగు. పద్నాలుగూ ఒకదానితో ఒకటి పడనివే.

నేను నమ్ముకున్నది నొప్పి మొదలైన రోజే పెట్టిన రెండో నోటుబుక్కుని. నీలం అట్టది. తేదీ, తిన్నది, వెళ్ళిన సార్లు, నొప్పి. చెడ్డ రోజు పక్కన ఎర్ర సిరాతో గీత. ఎర్ర గీతకి ముందు తిన్న వస్తువు ఏదైతే అది దొంగ, దాన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టాలి, ఇదీ నా పద్ధతి. పాలు పోయాయి. కందిపప్పు పోయింది. వంకాయ, ఉలవచారు, మునగాకు, ఎండుచేప, చివరికి నలభై ఏళ్ళుగా తాగుతున్న చోడంబలి కూడా పోయింది.

పైడమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తూ నా రాత చూసేది. ఆవిడకి చదువు రాదు. నన్ను అక్క అనడానికి "అప్పా" అంటుంది.

"అప్పా, తిన్నదీ రాస్తావు, ఎల్లిందీ రాస్తావు. మద్దిలో ఏటయిందో అది రాయవేటి?"

"మధ్యలో అరిగింది. అది కూడా రాయాలా?" అన్నాను.

"ఏటో తల్లీ, సదువుకున్నదానివి" అని గింజలు ఎత్తిపోసుకుంది.

ఆ మాట ఏ రోజు అందో డైరీలో ఉంది. జూలై పద్దెనిమిది. ఎందుకు రాసుకున్నానో తెలుసా, ఎగతాళికి.

గజపతినగరంలో ఒక డాక్టరు అల్ట్రాసౌండ్ తీయించాడు. "నార్మల్" అన్నాడు. "టెన్షన్ పెట్టుకోకండమ్మా" అన్నాడు. టెన్షన్ ఎక్కడ పెట్టుకుంటారు, తల్లోనా కడుపులోనా అని అడిగాను. అప్పటికే ఆయన తర్వాతి పేరు పిలిచేశాడు. నాకు కోర్టు కేసు లేదు, ఎవరితోనూ పేచీ లేదు, తిండికి లోటు లేదు, నాకు టెన్షనేమిటి? ఆయన్ని తిట్టుకుంటూ బస్సెక్కాను. ఆయన చెప్పింది సగం నిజమే. కానీ ఆ సగం నిజాన్ని ఈగని తోలినట్టు చెబితే ఎవరికి పనికొస్తుంది?

జూలై ఇరవై ఏడున మా ఆడపడుచు సత్యవతి రాజాం నుంచి నన్ను చూడ్డానికి వచ్చింది. గుమ్మంలోనే బుగ్గలు నొక్కుకుంది.

"ఓలమ్మా వదినా, ఎంత సిక్కిపోయినావు! ఎవలి సేతి కూడు తింటన్నావు?"

"నీకు తెలిసిన చేతిదే."

"తెలిసిన సెయ్యే పెడతాది వదినా. తెలీనోలు పెట్టరు."

"ఏం పెడుతుంది?"

పెరటి వైపు చూసి గొంతు తగ్గించింది. "మందు."

మా వైపు ఈ మాట వినని ఇల్లుండదు. గిట్టనివాళ్ళు అన్నంలో ఏదో కలిపి పెడతారట. అది కడుపులో అంటుకుని ఉండిపోతుందట. మనిషి తిన్నది వంటబట్టక చిక్కిపోతాడట. దాన్ని కక్కించేవాళ్ళు వేరే ఉంటారు. ఏ పరీక్షలోనూ కనిపించని కడుపునొప్పులన్నీ చివరికి వాళ్ళ గుమ్మంలోకే చేరతాయి.

"నీ ఎకరం ముప్పై సెంట్లు నీ తరవాత ఎవలికెల్తాది? అది ఆలోసించుకో" అంది సత్యవతి.

నోరు ముయ్యమన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను. పన్నెండు రోజులు తిరిగేసరికి, ఆగస్టు ఎనిమిదిన, ఆవిడ మాట్లాడిపెట్టిన ఆటోలో ఆవిడ పక్కనే కూర్చుని సాలూరు వైపు పోతున్నాను.

ఆ మందు తీసేవాడి ఇంటి ముందు మాకంటే ముందు తొమ్మిది మంది ఉన్నారు. నా వంతు వచ్చాక ఏదో ఆకు పసరు గ్లాసుడు తాగించాడు. పరగడుపు కదా, రెండు నిమిషాల్లో సత్తుబేసినులో కక్కేశాను. వాడు బేసినులో చెయ్యి పెట్టి కలిపి ఒక నల్లటి ముద్ద పైకి తీశాడు. అందులో వెంట్రుకలు కూడా ఉన్నాయి.

"సూడమ్మా. రెండేల్ల కిందట పెట్టినారు. ఆడమనిసి. ఇంటి మనిసే."

సత్యవతి నా భుజం నొక్కింది.

బేసినులో ఉన్నదంతా తడి. ఆ ముద్ద ఒక పక్క పొడిగా ఉంది. అంటే అది నా కడుపులోంచి రాలేదు, వాడి పిడికిట్లోంచి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు కౌంటరు అవతలి చేతుల్ని చూస్తూ కూర్చున్న మనిషిని నేను. ఆ పిడికిలి నాకు అక్కడే, ఆ క్షణానే అర్థమైంది. వాడు మోసగాడని తెలుసు. వాడు నన్ను మోసం చెయ్యలేకపోయాడు.

అయినా మర్నాడు పైడమ్మ పెట్టిన అన్నం తినలేదు. వాణ్ణి నమ్మి తినకపోతే తెలివితక్కువది అనుకోవచ్చు. నమ్మకుండానే తినడం మానేసిన దాన్ని ఏమనాలో మీరే చెప్పండి. నాకు తగిన మాట ఇంకా దొరకలేదు.

నా కంచం స్టీలుది, అంచున నా పేరు చెక్కించినది. ఆ రోజు అందులో అన్నం, ఆనపకాయ కూర. కంచం ముందుకి తోసి, "ఇకనుంచి నా వంట నేనే చేసుకుంటాను" అన్నాను.

పైడమ్మ గరిటె కింద పెట్టింది. నేను ఎక్కడికి వెళ్ళొచ్చానో అప్పటికే సగం ఊరికి తెలుసు. సత్యవతికి ఫోనుంది కదా.

"ఏటప్పా, నాను మందెట్టినానా?"

ఆ రోజు డైరీ వరస ఇది: "పైడమ్మ అడిగింది. నేను మాట్లాడలేదు."

ఆవిడ నా ఎదురుగా చతికిలబడి నా కంచం తన ముందుకి లాక్కుంది. కూర అంతా కలిపింది. నా కళ్ళలోకి చూస్తూ ముద్ద తర్వాత ముద్ద, మెతుకు మిగలకుండా తినేసింది. కంచం కడిగి, తుడిచి, అలమరలో బోర్లించింది.

"మందెట్టాలంటే నలబై రెండేల్లు ఆగుతానా అప్పా? ఒచ్చిన మొదటేడే ఎట్టెద్దును" అంది.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

వరండాలో చిన్న పొయ్యి పెట్టుకున్నాను. గంజి, మెత్తటి అన్నం, ఉప్పు. ఇంట్లో ముగ్గురం, ఇద్దరికి మాటల్లేవు. "ఆయమ్మకి పాలొచ్చినాయని సెప్పు" అని పైడమ్మ మొగుడితో అనేది, నేను రెండు గజాల దూరంలో ఉండగా. అప్పలస్వామి నా వైపు తిరిగి "వదినా, పాలొచ్చినాయంట" అనేవాడు. పొలంలో పని లేని రోజు కూడా పొలానికి పోవడం మొదలెట్టాడు.

ఆస్పత్రికి వెళ్ళేనాటికి నా వంట నేను తిన్నది నలభై ఒక్క రోజులు. జూన్‌లో యాభై మూడు కిలోలున్నదాన్ని మిల్లు కాటా మీద నిలబడితే నలభై ఆరు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు గానీ మిల్లువాళ్ళు చెప్పేశారు. మర్నాడు పైడమ్మ వంటింట్లోంచి వీధి దాకా వినబడేలా అరిచింది.

"ఏమయ్యో! ఆయమ్మని ఇజీనగరం పెద్దాస్పత్రికి తీసుకెల్లు. సచ్చిపోతే మందు నాను పెట్టినానంతారు. బతికించుకు తే, తరవాత నాను సూసుకుంతాను."

సెప్టెంబరు పంతొమ్మిదిన విజయనగరంలో గేస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్ళాం. నలభై లోపు వయసున్న ఆడమనిషి. చిన్నపిల్ల, ఈవిడా గేసే అంటుంది అనుకుంటూ నోటుబుక్కు బల్ల మీద పడేశాను. ఆవిడ దాన్ని మొదటి పేజీ నుంచి చదివింది. అంతకు ముందు ఎవరూ దాన్ని తెరవను కూడా లేదు.

"తొంభై తొమ్మిది రోజులు. ఇంత శుభ్రంగా ఎవరూ రాయరమ్మా" అంది. తర్వాత, "ఈ వయసులో కొత్తగా మొదలైంది, బరువు తగ్గారు, మీ అమ్మగారికి కేన్సర్ ఉంది. ముందు చూడాల్సినవన్నీ చూస్తాను. చూడకుండా ఏ పేరూ పెట్టను" అంది.

రక్తపరీక్షలు, స్టూల్ టెస్టు, ఎండోస్కోపీ, కొలనోస్కోపీ. కొలనోస్కోపీకి ముందు తాగించే నీళ్ళ గురించి ఎవరూ నిజం చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఉప్పు వేసిన పంచదార నీళ్ళకి సబ్బు వాసన పట్టిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. పదిహేడుసార్లు వెళ్ళాను. పరీక్ష మటుకు మత్తులో తెలియనే తెలియదు. భయపడాల్సింది దానికి కాదు, ఆ నీళ్ళకి.

బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా రోజూ ఎర్ర గీతే. అక్టోబరు మూడున రిపోర్టులన్నీ చూసి డాక్టరు చెప్పింది: "కేన్సర్ లేదు. పుండు లేదు. అన్నీ నార్మల్."

"మళ్ళీ నార్మలా?" అన్నాను. సంతోషించాలని తట్టలేదు.

"నార్మల్ అంటే మీకేమీ లేదని కాదమ్మా. పేగు బాగానే ఉంది. పేగుకీ మెదడుకీ మధ్య నడిచే మాటలు చెడ్డాయి. దీన్ని ఐబీఎస్ అంటాం."

"అంటే నొప్పి నా ఊహ అంటారా?"

"అనను. నొప్పి నిజం. పేగుల గోడలో వాటి సొంత నరాల వల ఉంటుంది. వేగస్ నర్వ్ అని ఒకటి అక్కణ్ణుంచి మెదడు దాకా పోతుంది. కబుర్లు రెండు వైపులా నడుస్తాయి. కింద నుంచి పైకి పోయేవే ఎక్కువ. మీకు ఆ నరాలు మరీ సున్నితమైపోయాయి. మామూలు గాలి కదిలినా నొప్పి అని పైకి కబురు పెడుతున్నాయి. పైన మీరు భయపడుతున్నారు. ఆ భయం కిందకి వచ్చి పేగుని మెలిపెడుతోంది. మళ్ళీ పైకి."

రెండు వైపులా నడిచే తపాలా సంచులంటే నాకు కొత్త కాదు. చెప్పకుండా ఇన్‌స్పెక్షన్‌కి దిగే అధికారి జీపు మలుపులో వినబడగానే నా కడుపు కదిలిపోయేది. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నా కదిలిపోయేది. ముప్పై ఎనిమిదేళ్ళు ఒంటికి తెలిసిన సంగతిని నేను జ్ఞానంగా లెక్కపెట్టలేదు.

అప్పుడు ఆవిడ నా నోటుబుక్కు మీద వేలు పెట్టింది.

"మొదట తెచ్చిన తొంభై తొమ్మిది రోజుల్లో ఎర్ర గీతలు కూడి వేశారు, యాభై ఒకటి. గీత లేని రోజులెన్ని?"

నా జన్మలో లెక్క అడిగితే జవాబు లేకపోవడం అదే మొదలు. తీసివేత చేసి నలభై ఎనిమిది అన్నాను.

"ఆ రోజుల్లో ఏం తిన్నారో చూశారా? జూలై ఐదు, ఆరు, ఏడు. ఏదో పెళ్ళి. పనసపొట్టు కూర, గారెలు, మాంసం, మళ్ళీ గారెలు. మూడు రోజులూ నిక్షేపంగా ఉన్నారు. మీరు చెడ్డ రోజులే కూడుకుంటూ వచ్చారమ్మా."

ఇంటికి వచ్చి రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టాను. నీలం అట్టది, రోజువారీ డైరీ. ఒకే మేజా మీద ఉండేవి, నాలుగు నెలలుగా ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చలేదు. మధ్యాహ్నమంతా పట్టింది. జూన్ పదకొండున నర్సమ్మ, మర్నాడు ఎర్ర గీత. జూలై ఒకటి, ఆగస్టు ఒకటి, సెప్టెంబరు ఒకటి, అక్టోబరు ఒకటి, నాలుగూ ఎర్ర గీతలే. నెల మొదటి రోజున మా ఇంట్లో కేలండరు కాగితం తిప్పేది నేనే. నా పుట్టినరోజు, ఎర్ర గీత. కింద వీధి సూరమ్మకి గడ్డ తేలిందన్న రోజు, ఎర్ర గీత. పెళ్ళి మూడు రోజులూ నేను ఊళ్ళో లేను, కేలండరు నా కంట పడలేదు.

ఇంకో లెక్క కూడా ఆ తొంభై తొమ్మిది రోజుల్లోనే ఉంది. పెళ్ళి మూడు రోజులూ తీసేస్తే పైడమ్మ చేతి అన్నం తిన్నది యాభై ఐదు రోజులు. వాటిలో ముప్పై మూడు మంచివి. నా చేతి గంజి తాగినవి నలభై ఒక్క రోజులు. వాటిలో మంచివి పన్నెండు. ఐదో తరగతి పిల్లకి ఇస్తే ఇంటర్వెల్లు లోపల తేల్చేస్తుంది.

లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. పైడమ్మ వీపు కనిపించింది. తిరిగి వచ్చేశాను. పంపించాల్సిన మాట చేతిలో ఉంది, రెండు గజాలు దాటించలేకపోయాను. అప్పలస్వామిని పిలిచి, "కేన్సర్ లేదని చెప్పు" అన్నాను. ఆయన చెప్పాడు. లోపల్నుంచి గిన్నెల చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

వైద్యం ఇదీ: ఈసీజీ చూసి, రాత్రి పడుకునే ముందు చిన్న మోతాదు మాత్ర ఒకటి. ఇసబ్‌గోల్. మానేసిన తిండి మూడు రోజులకొకటి చొప్పున వెనక్కి తెచ్చుకోవడం. రోజుకి రెండుసార్లు పది నిమిషాలు పొట్ట కదిలేలా మెల్లగా ఊపిరి తీసి వదలడం. ఊపిరి పీల్చడం నేర్పడానికా ఇంత చదువు చదివింది అనుకున్నాను. అయినా చేశాను, నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. పద్నాలుగు రోజుల్లో ఎర్ర గీతలు ఎనిమిది. దానికి ముందు పద్నాలుగు రోజుల కన్నా తక్కువే.

పదిహేనో రోజున మాత్రలు అయిపోయి మందుల షాపుకి వెళ్ళాను. చీటీ చూసి షాపతను కళ్ళు పెద్దవి చేశాడు.

"ఇది పిచ్చోలకిస్తారమ్మగోరూ. మీకెవలు రాసినారు?"

నేను మందు తీసేవాడి పిడికిలి పట్టుకున్న మనిషిని. ఈ ఒక్క మాటకి మాత్ర ఆపేశాను. తొమ్మిది రోజులు. ఏడు ఎర్ర గీతలు. సిగ్గు విడిచి ఆస్పత్రికి ఫోను చేశాను.

"షాపాయన మీ కడుపు చూశాడా?" అంది డాక్టరు.

"లేదు."

"మీ పుస్తకం చదివాడా?"

"లేదు."

"ఇదే మాత్ర ఎక్కువ మోతాదులో దిగులు జబ్బుకి ఇస్తాం. మీకిచ్చింది పేగు నరాల నొప్పికి. అడగాలంటే నన్నడగండి."

మళ్ళీ మొదలుపెట్టాను.

నవంబరు ఇరవై వచ్చింది. కారణం తెలిశాక నొప్పి రాదనుకున్నాను. తెల్లారేసరికే వచ్చింది. తెలిసినంత మాత్రాన పేగు వినదు. మూడుసార్లు వెళ్ళి, పెరటి గట్టు మీద మోకాళ్ళు కడుపుకి అదుముకుని కూర్చున్నాను. ఊపిరి లెక్క నాలుగు దగ్గరే తప్పిపోతోంది.

పైడమ్మ ఉలవల చేట పట్టుకుని వచ్చి పక్కన కూలబడింది. నూట మూడు రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"ఈయేలే గదా?"

"ఏది?"

"కేలండరు మీద గీత. నాకు సదువు నేదు గానీ గీత కూడా తెల్దేటి? మీ అమ్మ పోయిన ఈడు ఈయేలకి నీకొచ్చినాది. నర్సమ్మ ఎల్లినాక ఏల్లు మడిసి లెక్కెట్టినావు. నాను సూసినాను."

"తెలిసి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నాతో మాటాడినావేటి?"

ఆవిడ చేట కదుపుతూ రాళ్ళు ఏరింది. "సూరీడు దిగినాక గుంట పిల్లల్లే ఏడుద్దువు గానీ, ఇప్పుడు ఊపిరి తియ్యి" అంది. సూర్యుడు దిగేదాకా అక్కడే ఉంది. ఆ చేటలో ఏరాల్సిన రాళ్ళు అన్ని లేవు.

మర్నాటికి నేను మా అమ్మ కంటే ఒక రోజు పెద్దదాన్నయ్యాను. పొద్దున్న వంటింట్లోకి వెళ్ళాను. పైడమ్మ చల్దన్నం తింటోంది, పక్కన ఉల్లిపాయ. అలమరలో నా కంచం బోర్లించినది బోర్లించినట్టే ఉంది. నేను ఇంకొకరి ఎంగిలి ముట్టే మనిషిని కాను. నా భర్త గ్లాసులో నీళ్ళు కూడా తాగి ఎరగను. పైడమ్మ ఎదురుగా కూర్చుని, ఆవిడ కంచంలో చెయ్యి పెట్టి, ఆవిడ కలుపుకున్న ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను.

పైడమ్మ నా నోటి వైపు చూసింది.

"సూసుకో అప్పా. మందుంటాది."

"ఉండనీ. ఉప్పు మటుకు లేదు" అన్నాను.

ఆవిడ నవ్వి నవ్వి పొలమారింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లేచి, అలమరలోంచి కంచం తీసి, దుమ్ము కడిగి నా ముందు పెట్టింది.

ఇప్పుడు ఏప్రిల్. బరువు యాభై ఒకటి. పోయిన నెలలో ఎర్ర గీతలు మూడు. జబ్బు పోయిందని నేను అనను, డాక్టరూ అనలేదు. దానికీ నాకూ ఒక ఒప్పందం కుదిరింది. మాత్ర తగ్గిస్తున్నారు, ఊపిరి లెక్క నడుస్తోంది. వరండాలో పొయ్యి తీసేశాం. మందు తీసేవాడి గుమ్మంలో ఇవాళ కూడా జనం ఉంటారు, వాడి పిడికిలి ఖాళీగా ఉండదు. సత్యవతి ఫోను చేసి "ఆడు తీసినాడు కాబట్టే తగ్గినాది వదినా" అంటుంది. ఆవిడతో వాదించను. ఆవిడకి కూడిక రాదు.

నేను చెప్పగలిగిన సలహా ఒకటే. పరీక్షలు చేయించుకుని ప్రమాదం లేదని డాక్టరు చెప్పాక, ఒక పుస్తకం పెట్టండి. అందులో తిన్నది, వెళ్ళింది మాత్రమే రాయకండి. వాటి మధ్య ఇంకో గడి గీయండి. ఆ రోజు ఎవరు వచ్చారు, ఏం విన్నారు, దేని గురించి ఆలోచించారు, అది రాయండి. చెడ్డ రోజులతో పాటు మంచి రోజులు కూడా కూడండి. ఈ సలహా నాది కాదు. చదువు రాని మనిషి జూలై పద్దెనిమిదినే నాకు ఇచ్చింది.

భోజనాలయ్యాక పైడమ్మ రోజూ అడుగుతుంది, "మద్దిలోది రాసినావా?" అని. రాసేదాకా కంచం తియ్యనివ్వదు. ఇవాళ్టి వరస ఇది:

"తిన్నది: అన్నం, ఉలవచారు, ఎండుచేప. మధ్యలో: ఉప్పు గురించి పైడమ్మతో తగువు. నొప్పి: లేదు."